లినక్స్ ప్యాకేజీల స్వయంచాలక పరీక్షలు: చరిత్ర, అవసరం, ఒక తెలుగు ఉదాహరణ

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు.

• లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కూ, ప్యాకేజీకీ ఉన్న సంబంధం
• ఒక ప్యాకేజీని విడిగా పరీక్షించడానికీ, మిగతా ప్యాకేజీలతో కలిపి పరీక్షించడానికీ ఉన్న తేడా
• డెబియన్‌లో 1993 నుంచి 2019 వరకు పరీక్షల పద్ధతి మారిన క్రమం
• తెలుగు ఫాంటు ప్యాకేజీకి ఒక టెస్టును అమర్చే విధానం, దాని పరిమితులు

1. పరిచయం

విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు వెళ్తే రామతీర్థం వస్తుంది. అక్కడి రామాలయం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆలయం చుట్టూ ఉన్న కొండలు చరిత్ర విద్యార్థులకు ఇంకా ముఖ్యమైనవి. గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలు, దుర్గకొండ మీద జైన అవశేషాలు ఉన్నాయి. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. విష్ణుకుండిన రాజు ఇంద్రవర్మ తామ్రశాసనానికి కూడా ఈ ఊరి పేరే వచ్చింది. చరిత్రకారులు దానిని రామతీర్థం శాసనం అంటారు.

ఆ రాగిరేకుల మీది అక్షరాలను నేటికీ చదవగలుగుతున్నాం. కారణం సులభం. రేకు మీద ఒకసారి చెక్కిన అక్షరం తన రూపం కోసం మరి దేని మీదా ఆధారపడదు. తుప్పు పట్టనంత కాలం, రేకు విరగనంత కాలం అది అలాగే ఉంటుంది.

ఇప్పుడు అదే ఊరి పేరును మీరు కంప్యూటర్‌లో టైపు చేశారనుకుందాం. తెర మీద కనబడే 'రామతీర్థం' అనే మాట ఎక్కడా చెక్కి ఉండదు. మీరు ఆ ఫైలును తెరిచిన ప్రతిసారీ కొన్ని ప్రోగ్రాములు కలిసి దానిని కొత్తగా కూర్చి చూపుతాయి. వాటిలో ఒక్కటి మారినా మాట 'రామతీర్‌థం' అని విడిపోవచ్చు, లేదా అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు రావచ్చు. పాత కంప్యూటర్లలో తెలుగు చదివినవారికి ఈ అనుభవం కొత్త కాదు.

అలా విడిపోయిన సంగతిని ముందుగా ఎవరు గమనించాలి? పాఠకుడి తెర మీదికి చేరకముందే దానిని ఎలా ఆపాలి? ఈ ప్రశ్నలకు లినక్స్ ప్రపంచం నెమ్మదిగా, కొన్ని దెబ్బలు తిన్న తరువాత వెతుక్కున్న సమాధానమే ఈ పాఠం.

2. డిస్ట్రిబ్యూషన్, ప్యాకేజీ అంటే ఏమిటి?

లినక్స్ అనేది నిజానికి ఒక కెర్నెల్ పేరు. యంత్రానికీ, ప్రోగ్రాములకూ మధ్య నిలిచే మూల భాగం అది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దానిని విడుదల చేశాడు. కెర్నెల్ ఒక్కటే ఉంటే సామాన్యుడికి ఉపయోగం లేదు. దానితోపాటు ఎడిటర్లు, బ్రౌజర్లు, ఫాంట్లు, ముద్రణ సాధనాలు మొదలైనవన్నీ కావాలి. ఇవన్నీ వేర్వేరు దేశాలలో, వేర్వేరు వ్యక్తులు, సంస్థలు రాసినవి. వీటిని సేకరించి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేసి, ఒకే చోట అందించేదే డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే ఇందుకు ఉదాహరణలు.

డిస్ట్రిబ్యూషన్‌లో ఒక్కొక్క వస్తువును ప్యాకేజీ అంటారు. ప్యాకేజీలో ప్రోగ్రాముతోపాటు అది పనిచేయడానికి ఇంకా ఏ ప్యాకేజీలు ఉండాలో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. ఈ అవసరాలనే ఆధారాలు అందాం. ప్యాకేజీని తయారుచేసి, దాని బాగోగులు చూసే వ్యక్తిని మెయింటెయినర్ అంటారు. చాలా సందర్భాలలో అసలు ప్రోగ్రాము రాసినవారు వేరు, మెయింటెయినర్ వేరు.

ఒక ఉదాహరణతో ఈ తేడాను అర్థం చేసుకోండి. రైతు పంపుసెట్టు కొనడానికి దుకాణానికి వెళ్తాడు. దుకాణదారు కరెంటు పెట్టి మోటారు తిప్పి చూపిస్తాడు. మోటారు బాగానే తిరుగుతుంది. పొలానికి తెచ్చాక బోరు లోతు, పైపు కొలత, అక్కడి వోల్టేజీ, స్టార్టరు అన్నీ కలిసినప్పుడే నీళ్లు వస్తాయో రావో తెలుస్తుంది. దుకాణంలో చేసిన పరీక్ష అబద్ధం కాదు, కానీ అది రైతు అడిగే ప్రశ్నకు సమాధానం చెప్పదు.

ప్రోగ్రాము రాసినవారు తమ దగ్గర చేసుకొనే పరీక్ష దుకాణంలో మోటారు తిప్పడం లాంటిది. ప్యాకేజీని ఒక శుభ్రమైన వ్యవస్థలో ఇన్‌స్టాల్ చేసి, మిగతా ప్యాకేజీలతో కలిపి, వాడుకరి వాడినట్టుగా వాడి చూడడం పొలంలో నీళ్లు తోడడం లాంటిది. ఈ రెండో దానినే ఇంటిగ్రేషన్ టెస్ట్ అంటారు. మనిషి పూనుకోకుండా, మార్పు జరిగిన ప్రతిసారీ యంత్రమే దానిని నడిపితే అది స్వయంచాలక పరీక్ష అవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) ప్యాకేజీ మెయింటెయినర్ చేసే పని ఏమిటి?
ఆ) పంపుసెట్టు ఉదాహరణలో ఇంటిగ్రేషన్ టెస్టుకు సమానమైనది ఏది?

3. జ్ఞాపకం మీద, నమ్మకం మీద నడిచిన కాలం

1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రకటించాడు. 1996లో వచ్చిన డెబియన్ 1.1లో 474 ప్యాకేజీలు ఉన్నాయి. ఆ సంఖ్యలో ఉన్నంత వరకు మెయింటెయినర్లకు ఒకరి పని మరొకరికి తెలుస్తుంది. ఒక మార్పు ఎవరికి ఇబ్బంది కలిగిస్తుందో గుర్తుపెట్టుకోవడం సాధ్యమే. లోపం కనబడితే వాడుకరి తెలియజేసేవాడు, మెయింటెయినర్ సరిచేసేవాడు.

ప్యాకేజీలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాలకపోయింది. 2005 జూన్‌లో వచ్చిన డెబియన్ 3.1లో ప్యాకేజీల సంఖ్య 15,000 దాటింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నాటికి అది 64,000కు మించింది. ఇన్ని ప్యాకేజీల మధ్య సంబంధాలను ఏ ఒక్క మనిషీ మనసులో ఉంచుకోలేడు.

ఈ మధ్యకాలంలో మూడు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది లింటియన్. 1998లో క్రిస్టియన్ ష్వార్జ్, రిచర్డ్ బ్రాక్‌మన్ దీనిని రూపొందించారు. ఇది ప్యాకేజీని తెరిచి చూసి, నియమావళికి విరుద్ధంగా ఏమైనా ఉందా అని చెబుతుంది. రెండవది 2000 సంవత్సరంలో ఆంథనీ టౌన్స్ ప్రవేశపెట్టిన 'టెస్టింగ్' అనే మధ్య అంచె. కొత్త ప్యాకేజీ ముందుగా 'అన్‌స్టేబుల్' అనే అంచెలోకి వస్తుంది. అక్కడ కొన్ని రోజులు ఉండి, కొత్తగా తీవ్రమైన లోపాలేవీ నమోదు కాకపోతే, ఆధారాలన్నీ సరిపోతే 'టెస్టింగ్'లోకి వెళ్తుంది. మూడవది 2005 ప్రాంతంలో లార్స్ విర్జేనియస్ రాసిన పియుపార్ట్స్. ఇది ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, అప్‌గ్రేడ్ చేసి, తొలగించి, ఆ మూడు పనులూ చిక్కు లేకుండా జరిగాయా అని చూస్తుంది.

ఈ మూడూ ఉపయోగకరమైనవే. అయితే వీటిలో ఏదీ ఒక్క ప్రశ్న అడగదని గమనించండి. ఆ ప్రశ్న: ఇన్‌స్టాల్ అయిన తరువాత ఈ ప్యాకేజీ తన పని తాను చేస్తోందా? దీనికి సమాధానం ఇంకా వాడుకరి ఫిర్యాదు మీదే ఆధారపడి ఉండేది. ఫిర్యాదు రాలేదంటే అంతా బాగుందని అర్థం చేసుకొనేవారు.

4. 2008 నాటి హెచ్చరిక

ఫిర్యాదు రాకపోవడం బాగుందనడానికి రుజువు కాదని 2008లో తేలింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది సందేశాలకు రహస్య తాళాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. తాళం గట్టిదనాన్ని నిర్ణయించేది అందులో వాడిన యాదృచ్ఛిక సంఖ్య. 2006లో డెబియన్ ప్యాకేజీలో ఒక చిన్న మార్పు చేశారు. జ్ఞాపకశక్తి తప్పులను పట్టే ఒక సాధనం ఇచ్చిన హెచ్చరికలను తొలగించడం ఆ మార్పు ఉద్దేశం. కానీ దానితో యాదృచ్ఛికత దాదాపు పూర్తిగా పోయింది. మిగిలింది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. దాని విలువలు 32,768కి మించవు. అంటే ఒక రకం తాళానికి సాధ్యమైన రూపాలు ఆ కొద్దివేలకు పడిపోయాయి. దాడి చేసేవాడు వాటన్నిటినీ ముందుగానే తయారుచేసి పెట్టుకోవచ్చు.

ఈ లోపాన్ని లుసియానో బెల్లో కనుగొన్నాడు. 2008 మే 13న డెబియన్ దీనిని బహిరంగంగా ప్రకటించింది. అప్పటికి దాదాపు 20 నెలలు గడిచాయి. డెబియన్ మీద ఆధారపడిన ఉబుంటుకు కూడా ఈ లోపం సంక్రమించింది. ప్రపంచవ్యాప్తంగా అనేక సర్వర్ల తాళాలను మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది.

ఈ సంఘటన నుంచి మనం గ్రహించవలసినవి రెండు. ఒకటి, అసలు రచయితల దగ్గర ఉన్న ప్రోగ్రాములో ఈ లోపం లేదు. అది ప్యాకేజీగా మారే దశలో వచ్చింది. కనుక రచయితలు తమ దగ్గర ఎంత జాగ్రత్తగా పరీక్షించుకున్నా ఇది బయటపడదు. పరీక్ష ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ మీదే జరగాలి. రెండు, ప్రోగ్రాము పైకి మామూలుగానే నడిచింది. తాళాలు తయారయ్యాయి, అవి పనిచేశాయి కూడా. 'నడుస్తోందా' అని మాత్రమే అడిగే పరీక్ష దీనిని పట్టలేదు. 'తయారైన తాళాలు ఒకదానికొకటి భిన్నంగా ఉన్నాయా' అని వేల తాళాలను పోల్చి అడిగే పరీక్ష కావాలి. పరీక్ష విలువ అది అడిగే ప్రశ్నలో ఉంటుంది.

5. ఆటోపీకేజీటెస్ట్: పరీక్షను ప్యాకేజీలోనే రాయడం

ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించాలనే ఆలోచన అప్పటికే మొదలైంది. 2006లో ఇయన్ జాక్సన్ ఉబుంటు కోసం ఆటోపీకేజీటెస్ట్ అనే సాధనాన్ని రాశాడు. డెబియన్ తొలి సంవత్సరాలలో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ అనే సాధనానికి రూపం ఇచ్చినవారిలో అతడు ఒకడు. తరువాతి కాలంలో మార్టిన్ పిట్ ఆటోపీకేజీటెస్ట్‌ను విస్తరించాడు. 2011లో ఈ పద్ధతిని డెబియన్ మెరుగుదల ప్రతిపాదనలలో ఎనిమిదవదిగా చేర్చారు. దానిని డెప్-8 అని పిలుస్తారు.

డెప్-8లోని ముఖ్యమైన ఆలోచన ఇది: పరీక్ష ఎవరి మనసులోనో, ఎవరి సర్వర్‌లోనో ఉండకూడదు. అది ప్యాకేజీ మూలంలోనే రాతపూర్వకంగా ఉండాలి. మెయింటెయినర్ మారినా పరీక్ష మిగలాలి.

దీని అమరిక సులభమే. ప్యాకేజీ మూలంలో 'డెబియన్' అనే డైరెక్టరీ ఉంటుంది. దానిలో 'టెస్ట్స్' అనే ఉప డైరెక్టరీని, అందులో 'కంట్రోల్' అనే చిన్న ఫైలును పెట్టాలి. ఆ ఫైలులో ప్రధానంగా మూడు వరుసలు ఉంటాయి.

మొదటి వరుస 'టెస్ట్స్'. నడపవలసిన టెస్టు స్క్రిప్టుల పేర్లు ఇక్కడ రాయాలి. రెండవ వరుస 'డిపెండ్స్'. టెస్టు నడవడానికి ఏ ప్యాకేజీలు ఉండాలో ఇక్కడ చెప్పాలి. ఈమెయిల్ చిరునామాలలో వాడే ఎట్ గుర్తును ఇక్కడ పెడితే 'ఈ మూలం నుంచి తయారైన ప్యాకేజీలన్నీ' అని అర్థం. మూడవ వరుస 'రెస్ట్రిక్షన్స్'. ఈ టెస్టుకు రూట్ అధికారం కావాలా, విడి కంటెయినర్ కావాలా వంటి షరతులు ఇక్కడ వస్తాయి.

సాధనం చేసే పని కూడా స్పష్టమే. అది ఒక కంటెయినర్‌నో, వర్చువల్ యంత్రాన్నో సిద్ధం చేస్తుంది. అందులో చెప్పిన ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసి, స్క్రిప్టును నడుపుతుంది. స్క్రిప్టు సున్నా అనే సంకేతంతో ముగిస్తే పరీక్ష నెగ్గినట్టు, మరే సంఖ్యతో ముగిసినా ఓడినట్టు. దోష సందేశాల మార్గంలో ఒక్క వాక్యం వచ్చినా, ముందుగా అనుమతి రాసి ఉంచకపోతే ఓటమిగానే లెక్కిస్తుంది.

2014లో డెబియన్ ఈ పరీక్షలను నిరంతరం నడిపే సేవను ప్రారంభించింది. దాని వెనుక ఉన్న డెబ్‌సీఐ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆంటోనియో టెర్సెయిరో రాశాడు. ఇదే కాలంలో ఓపెన్‌సూసేలో ఓపెన్‌క్యూఏ అనే మరో మార్గం పెరిగింది. అది వ్యవస్థను మనిషిలాగా నడిపి, తెర చిత్రాలను ముందుగా ఎంచిన నమూనాలతో పోల్చి చూస్తుంది.

6. పరీక్ష ఫలితం కాపలాదారుగా మారడం

పరీక్షలు ఉండడం ఒక దశ. వాటి ఫలితానికి విలువ ఇవ్వడం మరో దశ. ఓడిన పరీక్షను ఎవరూ పట్టించుకోకపోతే అది ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

డెబియన్‌లో ఈ రెండో దశ 2018లో మొదలైంది. పాల్ గెవర్స్ తదితరుల కృషితో, 'అన్‌స్టేబుల్' నుంచి 'టెస్టింగ్'కు వెళ్లే దారిలో పరీక్షా ఫలితాలను లెక్కలోకి తీసుకున్నారు. పరీక్ష నెగ్గిన ప్యాకేజీ త్వరగా ముందుకు వెళ్తుంది. ఇంతకుముందు నెగ్గుతున్న పరీక్షను ఓడించిన మార్పు ఆలస్యమవుతుంది. 2019లో డెబియన్ 10 విడుదలైన తరువాత నియమాన్ని ఇంకా గట్టి చేశారు. అప్పటినుంచి అలా ఓడించే మార్పు ఆలస్యం కావడమే కాదు, ఆగిపోతుంది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఒక ప్యాకేజీ మారినప్పుడు దాని సొంత పరీక్షలతోపాటు, దాని మీద ఆధారపడిన ఇతర ప్యాకేజీల పరీక్షలు కూడా నడుస్తాయి. అంటే 'క' అనే ప్యాకేజీలో మార్పు 'గ' అనే ప్యాకేజీని పాడుచేస్తే, 'గ'లో ఉన్న పరీక్ష 'క'ను ఆపుతుంది. 1996లో మనుషుల జ్ఞాపకం చేసిన పనిని ఇప్పుడు రాసిపెట్టిన పరీక్ష చేస్తోంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) లింటియన్, పియుపార్ట్స్ అడగని ప్రశ్న ఏది?
ఆ) 2018, 2019 నియమాల మధ్య తేడా ఏమిటి?

7. తెలుగు అక్షరం: ఎవరి బాధ్యత?

ఇప్పుడు రామతీర్థం అనే మాటకు తిరిగి వద్దాం. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 వరకు ఉన్న సంఖ్యలు తెలుగుకు చెందినవి. రామతీర్థం అనే మాట మన కంటికి నాలుగు అక్షరాలు: రా, మ, తీ, ర్థం. కంప్యూటర్‌కు మాత్రం అది తొమ్మిది సంకేతాలు: ర, ఆకారపు గుర్తు, మ, త, ఈకారపు గుర్తు, ర, పొల్లు, థ, సున్న.

చివరి అక్షరాన్ని చూడండి. ర సంకేతం 3120, పొల్లు 3149, థ 3109. ఈ మూడూ వరుసగా వచ్చినప్పుడు పొల్లు కనబడకుండా పోయి, థ ఒత్తుగా మారి, ర కింద చేరాలి. ఈ పని ఫాంటు ఒక్కటే చేయదు. ఫాంటులో ఒత్తు రూపం, దానిని ఎప్పుడు వాడాలో చెప్పే నియమం ఉంటాయి. ఆ నియమాన్ని చదివి అమలు చేసేది షేపింగ్ ఇంజన్ అనే వేరొక ప్రోగ్రాము. లినక్స్‌లో ఎక్కువగా వాడే షేపింగ్ ఇంజన్ పేరు హార్ఫ్‌బజ్. బెహ్‌దాద్ ఎస్‌ఫాబోద్ దీని ప్రధాన రచయిత.

2012 ప్రాంతంలో హార్ఫ్‌బజ్‌లో భారతీయ లిపుల భాగాన్ని కొత్తగా రాసినప్పుడు దానిని పరీక్షించిన తీరు ఆసక్తికరమైనది. ఆయా భాషల వికీపీడియాలలోని పదాలను తీసుకొని, హార్ఫ్‌బజ్ ఇచ్చిన రూపాలను విండోస్ ఇచ్చిన రూపాలతో పోల్చారు. తెలుగులో ఇలా పోల్చిన పదాలు 9 లక్షల 70 వేలకు పైనే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో స్వచ్ఛందంగా వ్యాసాలు రాసినవారికి తమ వాక్యాలు ఒకనాడు ప్రపంచమంతా వాడే ఇంజన్‌కు పరీక్షా సామగ్రి అవుతాయని తెలియదు.

పరీక్షకు అందని సంకేతాల వరుస ఒక్కటి చాలు, ఏమవుతుందో 2018 ఫిబ్రవరి చూపింది. జ, పొల్లు, ఞ, కనబడని ఒక విడదీత గుర్తు, ఆకారపు గుర్తు ఈ వరుసలో వస్తే ఐఫోన్‌లలో దానిని చూపబోయిన యాప్ కుప్పకూలేది. తెర మీద కనబడేది మనం రోజూ రాసే 'జ్ఞా'. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఫోను చిక్కులో పడేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలు ఉన్నట్టు తరువాత తేలింది. ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సరిచేసింది. ఇది లినక్స్‌లో జరిగింది కాదు. అయినా పాఠం అందరికీ ఒకటే. లక్షల మంది వాడే లిపిలో కూడా ఒక మూల చీకటిగా ఉండిపోవచ్చు.

డెబియన్‌లో తెలుగు ఫాంట్లు ప్యాకేజీలుగా లభిస్తాయి. లోహిత్ తెలుగు ఒక ప్యాకేజీ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి, స్వేచ్ఛగా వాడుకోవడానికి విడుదల చేసిన పోతన, వేమన ఫాంట్లు మరొక ప్యాకేజీ. ఇక్కడ చిక్కు ఎక్కడుందో చూడండి. ఫాంటు ఒక దత్తాంశపు ఫైలు మాత్రమే. ఇన్‌స్టాల్ కావడానికి దానికి హార్ఫ్‌బజ్ అవసరం లేదు. కనుక ఆధారాల పట్టికలో ఈ రెండింటికీ సంబంధమే ఉండదు. హార్ఫ్‌బజ్ మారితే తెలుగు ఫాంటును పరీక్షించాలని వ్యవస్థకు తెలిసే మార్గం లేదు. ఆ సంబంధం తెలుగు చదివేవారి కంటిలో మాత్రమే ఉంది.

8. టెస్టును అమర్చే విధానం

ఆ సంబంధాన్ని రాతలో పెట్టడమే మనం చేయవలసిన పని. ఒక తెలుగు ఫాంటు ప్యాకేజీకి టెస్టు ఎలా ఉండవచ్చో మెట్లుగా చూద్దాం.

కంట్రోల్ ఫైలులోని డిపెండ్స్ వరుసలో మూడు పేర్లు రాయాలి: ఎట్ గుర్తు, ఫాంట్‌కాన్ఫిగ్, హార్ఫ్‌బజ్ ఆదేశాలు ఉన్న ప్యాకేజీ. ఈ వరుస వల్ల రెండు లాభాలు ఉన్నాయి. టెస్టుకు కావలసినవి ఇన్‌స్టాల్ అవుతాయి. అంతేకాక, ఫాంటు ప్యాకేజీకి మామూలుగా అవసరం లేకపోయినా టెస్టుకు అవసరమైనవాటిని 'టెస్ట్‌సూట్-ట్రిగ్గర్స్' అనే పేరుతో ప్యాకేజీ మూలపు వివరాలలో నమోదు చేస్తారు. ఆ తరువాత హార్ఫ్‌బజ్ మారినప్పుడల్లా ఈ తెలుగు టెస్టు నడుస్తుంది.

స్క్రిప్టులో నాలుగు ప్రశ్నలు ఉండాలి.

మొదటిది: తెలుగు చూపగల ఫాంట్లు ఏవని ఫాంట్‌కాన్ఫిగ్‌ను అడిగితే మన ఫాంటు జాబితాలో ఉందా? ఫైలు సరైన చోట చేరిందని దీనివల్ల తెలుస్తుంది.

రెండవది: రామతీర్థం అనే మాటను హెచ్‌బి-షేప్ అనే ఆదేశానికి ఇస్తే వచ్చిన రూపాలలో 'నాట్‌డెఫ్' ఉందా? ఫాంటులో లేని అక్షరానికి బదులు వచ్చే ఖాళీ పెట్టె పేరు అది. ఉంటే టెస్టు ఓడాలి.

మూడవది: పొల్లు రూపం గాని, చుక్కల వలయం గాని విడిగా కనబడుతోందా? 'తీర్థం'లో అది రాకూడదు. వస్తే ఒత్తు కుదరలేదని అర్థం.

నాలుగవది: ర్, థ ల మధ్య విడదీత గుర్తును కావాలని పెట్టి, 'ర్‌థ' అని ఇస్తే పొల్లు కనబడుతోందా? ఇక్కడ అది తప్పక రావాలి. ఈ ప్రశ్న పరీక్షనే పరీక్షిస్తుంది. పొల్లు వచ్చినా రాకపోయినా నెగ్గే టెస్టు దేనినీ పట్టదు. టెస్టు రాసిన తరువాత ఒకసారి కావాలని తప్పు పెట్టి, అది ఓడుతోందని కళ్లారా చూడడం మంచి అలవాటు.

చరిత్ర విద్యార్థులు ఐదో ప్రశ్న కూడా చేర్చవచ్చు. పాత అచ్చు పుస్తకాలలో తీర్థము వంటి మాటలలో ర కారానికి బదులు థ పక్కన వలపలగిలక ఉండేది. ర, పొల్లు తరువాత జీరో విడ్త్ జాయినర్ అనే కనబడని గుర్తును పెడితే, ఫాంటులో ఆ రూపం ఉన్నప్పుడు, హార్ఫ్‌బజ్ వలపలగిలకను చూపుతుంది. పాత గ్రంథాలను డిజిటల్ రూపంలోకి తెచ్చేవారికి ఇది అక్కరకు వస్తుంది.

9. పరిమితులు

స్వయంచాలక పరీక్ష సర్వరోగ నివారిణి కాదు. ప్రోగ్రాము తన సంచిక సంఖ్య చెబుతోందా అని మాత్రమే అడిగే పరీక్షను డెబియన్ 'సూపర్‌ఫిషియల్' అని గుర్తిస్తుంది. అలాంటిది ఒక్కటే ఉంటే నెగ్గినట్టు లెక్కించదు. మరోవైపు అతి కచ్చితమైన పరీక్ష కూడా చిక్కే. ఒత్తు ఎన్ని బిందువుల దూరంలో ఉండాలో కూడా రాసిపెడితే, ఫాంటు రచయిత దానిని ఇంకా అందంగా సర్దినప్పుడు సైతం టెస్టు ఓడుతుంది. నాలుగైదుసార్లు అనవసరంగా ఓడిన టెస్టును జనం పట్టించుకోవడం మానేస్తారు. అందుకే కొలతలను కాక లక్షణాలను అడగాలి. పొల్లు కనబడకూడదు, ఖాళీ పెట్టె రాకూడదు వంటివి అటువంటి లక్షణాలు.

అన్నిటికంటే పెద్ద పరిమితి మరొకటి. ఏది సరైన రూపమో యంత్రానికి తెలియదు. మొదట ఒక మనిషి చూసి 'ఇది ఒప్పు' అనాలి. ఆ మనిషికి తెలుగు చదవడం రావాలి. హార్ఫ్‌బజ్‌నో, డెబియన్‌నో నడిపేవారిలో ఎక్కువమంది తెలుగు చదవలేరు. 'రామతీర్‌థం' అని విడిపోయినా వారికి తప్పుగా తోచదు. అది వారి నిర్లక్ష్యం కాదు. మనకు తెలియని లిపి విడిపోతే మనమూ గమనించలేం.

10. సారాంశం

డెబియన్ 474 ప్యాకేజీలతో ఉన్నప్పుడు మనుషుల జ్ఞాపకం సరిపోయింది. వేల సంఖ్య దాటాక ఫిర్యాదు మీద ఆధారపడడం ఎంత ప్రమాదకరమో 2008 నాటి సంఘటన చూపింది. 2006లో మొదలైన ఆటోపీకేజీటెస్ట్, 2011 నాటి డెప్-8, 2014 నాటి నిరంతర పరీక్షా సేవ, 2018-19 నియమాలు కలిసి, పరీక్షను జ్ఞాపకం నుంచి రాతలోకి, రాత నుంచి అధికారంలోకి తెచ్చాయి.

తెలుగు వంటి భాషలకు ఈ చరిత్రలో ఒక అవకాశం ఉంది. ఒక ఫాంటు ప్యాకేజీలో పది పదిహేను వరుసల టెస్టు చేర్చితే, ప్రపంచమంతా వాడే షేపింగ్ ఇంజన్ తెలుగును పాడుచేసే మార్పు తెచ్చినప్పుడు ఆ టెస్టు దానిని దారిలో నిలబెట్టగలదు. అది రాయడానికి గొప్ప ప్రోగ్రామర్ కానక్కరలేదు. ఒక మాట సరిగా ఉందో లేదో చూసి చెప్పగలిగినవారు, ఆ మాటను రాసిపెట్టే ఓపిక ఉన్నవారు చాలు. ఈ పాఠాన్ని తెలుగులో చదవగలిగిన మీరు ఆ మొదటి అర్హతను ఇప్పటికే సంపాదించారు.

ముఖ్య పదాలు

డిస్ట్రిబ్యూషన్: కెర్నెల్‌తోపాటు అవసరమైన ప్యాకేజీలన్నిటినీ పొసిగేలా కూర్చి అందించే వ్యవస్థ.
మెయింటెయినర్: ప్యాకేజీని తయారుచేసి, నిర్వహించే వ్యక్తి.
ఇంటిగ్రేషన్ టెస్ట్: ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని ఇతర ప్యాకేజీలతో కలిపి చూసే పరీక్ష.
షేపింగ్ ఇంజన్: సంకేతాల వరుసను తెర మీద కనబడే అక్షర రూపాలుగా మార్చే ప్రోగ్రాము.
వలపలగిలక: పాత తెలుగు రాతలో హల్లుకు ముందు వచ్చే ర కారాన్ని సూచించే గుర్తు.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది వాటికి సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2008 నాటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంఘటన నుంచి గ్రహించవలసిన రెండు అంశాలను వివరించండి.
2. ఫాంటు ప్యాకేజీకీ, హార్ఫ్‌బజ్‌కూ మధ్య సంబంధాన్ని టెస్టు ద్వారానే ఎందుకు నమోదు చేయవలసి వస్తుంది?

II. ఈ కింది వాటికి సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డెబియన్‌లో 1993 నుంచి 2019 వరకు ప్యాకేజీ పరీక్షల పరిణామాన్ని చర్చించండి.
2. మీ ఊరి పేరును గాని, సమీపంలోని ఊరి పేరును గాని తీసుకోండి. అందులోని సంకేతాలను వరుసగా రాసి, ఏ అక్షరం దగ్గర తప్పు రావచ్చో గుర్తించి, దానికి తగిన టెస్టు ప్రశ్నలను రూపొందించండి.